జెర్సీ మీద ఏ ఊరు?

*ఒలింపిక్స్ టీవీలో చూస్తుంటే ఎప్పుడూ వినని పేర్లు కనబడతాయి. అరూబా, గ్వామ్, చైనీస్ తైపీ... ఇవన్నీ దేశాలేనా? దేశాలు కాకపోతే ఎలా ఆడుతున్నాయి? అందరికీ తెలిసిన వెస్టిండీస్ మాత్రం 2028లో ఆ పేరుతో ఆడే వీలు ఎందుకు లేదు? ఆటల ప్రపంచంలో ‘దేశం’ అనిపించుకోవడం వెనక ఉన్న కథ ఇది.*

పూతలపట్టు కూడలికి కాస్త దూరంలో ఒక బడి మైదానం. ఆదివారం, పొద్దున ఎనిమిదిన్నర. టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నీ మొదలవ్వాలి. వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో నిర్వాహకుడు కూర్చున్నాడు. ఒళ్లో రూళ్ల నోటుబుక్కు, చెవి మీద పెన్ను. ఒక్కో జట్టు కెప్టెన్ వచ్చి ఎంట్రీ ఫీజు కట్టి, ఆటగాళ్లందరి ఆధార్ జిరాక్సులు చేతిలో పెడుతున్నాడు. సొంత పంచాయతీ వాళ్లు మాత్రమే ఆడాలని కరపత్రంలోనే అచ్చేశారు. పోయినేడు ఒక జట్టు ఎక్కడినుంచో ఫాస్ట్ బౌలర్‌ని తెచ్చి కప్పు కొట్టుకుపోయిందట. ఈ కట్టుదిట్టమంతా దాని ఫలితమే.

ఒక జిరాక్సు దగ్గర పెన్ను ఆగింది.

“ఈయబ్బిది బంగారుపాళెం అడ్రసు గదా?”

“మా ఊరి అల్లుడన్నా. పెండ్లయి రెండేండ్లయింది. మామగారి మామిడితోట ఈయనే చూసుకుంటా ఉండాడు. ఈన్నే ఉంటాడు.”

“అల్లుడైతే పండక్కి రమ్మను సామీ. మ్యాచ్‌కి కార్డు గావాల.”

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. చంకలో బ్యాటు పెట్టుకుని నిలబడ్డ అల్లుడు నవ్వాలో వద్దో తేలక కాలితో మట్టి గీకుతున్నాడు. కెప్టెన్ పట్టు వదల్లేదు, నిర్వాహకుడు నోటుబుక్కు ముయ్యలేదు. ఈ పంచాయితీ తేలేలోగా టీ కొట్టు వైపు నడిచినవాళ్ల మధ్య ఇంకో పంచాయితీ లేచింది.

“వెస్టిండీసు దేశమే గాదంట గదన్నా? ఒలింపిక్స్‌లో ఆడనీరంట.”

“దేశం గాకుంటే ఇన్నేండ్లూ మనోళ్లు ఎవురితో ఆడినార్రా?”

దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. కర్నూలు–కడప వైపు నుంచి చిత్తూరుకు పోయే రోడ్డూ, నాయుడుపేట నుంచి తిరుపతి మీదుగా వచ్చే రోడ్డూ కలిసే చోట నిలబడి, గాజు గ్లాసులో టీ చల్లారుతున్నా పట్టించుకోకుండా నలుగురు కుర్రాళ్లు కరీబియన్ దీవుల పౌరసత్వం గురించి వాదించుకున్నారు. వేపచెట్టు కింద తగాదా, టీ కొట్టు దగ్గర తగాదా నిజానికి ఒకటే. ఎవరు ఏ ఊరి తరఫున ఆడొచ్చో చెప్పేదెవరు?

ఒక జట్టు, బోలెడు జెండాలు

క్రికెట్ 1900లో పారిస్ ఒలింపిక్స్‌లో ఒక్కసారి మెరిసి మాయమైంది. 128 ఏళ్ల తర్వాత 2028లో లాస్ ఏంజెలిస్‌లో మళ్లీ వస్తోంది. మగవాళ్లవి ఆరు జట్లు, ఆడవాళ్లవి ఆరు జట్లు, జట్టుకి పదిహేను మంది. మన పల్లెల్లో ఒలింపిక్స్ మాట ఇంతగా వినిపించడానికి కారణం ఇదే.

వెస్టిండీస్‌కి చిక్కు అక్కడే వచ్చింది. క్రికెట్లో అది ఒక జట్టు. మ్యాపులో చూస్తే జమైకా, బార్బడోస్, గయానా, ట్రినిడాడ్ అండ్ టొబాగో, ఆంటిగ్వా అండ్ బార్బుడా ఇలా వేటికవే దేశాలు. ఒక్కోదానికి సొంత జెండా, సొంత పాట, సొంత ఒలింపిక్ కమిటీ. ఒలింపిక్స్‌కి జట్టును పంపే హక్కు ఆ కమిటీలదే. క్రికెట్ బోర్డుకి ఆ హక్కు లేదు. కాబట్టి లారా, రిచర్డ్స్ వేసుకున్న ఆ ముదురెరుపు టోపీకి ఒలింపిక్ గ్రామంలో గది దొరకదు. ఇంగ్లండ్‌దీ అలాంటి కథే. ఒలింపిక్స్‌లో ఇంగ్లండ్ అనే జట్టు ఉండదు, గ్రేట్ బ్రిటన్ ఉంటుంది.

విచిత్రం ఏమిటంటే, వెస్టిండీస్ ఒకప్పుడు ఒలింపిక్స్‌లో ఆడింది. 1958లో ఆ దీవులు కొన్ని కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. 1960 రోమ్ ఒలింపిక్స్‌కి ఒకే జట్టుగా వెళ్లాయి. 4×400 మీటర్ల రిలేలో ముగ్గురు జమైకా వాళ్లు, ఒక బార్బడోస్ కుర్రాడు ఒకరి చేతికొకరు కర్ర అందించుకుంటూ పరుగెత్తి కాంస్యం తెచ్చారు. 800 మీటర్లలో జార్జ్ కెర్ ఇంకో కాంస్యం తెచ్చాడు. రెండేళ్లకే, 1962లో సమాఖ్య విడిపోయింది. పతకాలు మిగిలాయి, వాటిని గెలిచిన ‘దేశం’ మిగల్లేదు.

ఉమ్మడి ఆస్తి పంచుకున్నాక వేరే కాపురాలతో ఆడటం మనవాళ్లూ చూశారు. 1998 కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో క్రికెట్ పెట్టారు. అజయ్ జడేజా నాయకత్వంలో వెళ్లిన మన జట్టులో హైదరాబాద్ లక్ష్మణ్, గుంటూరు ఎమ్మెస్కే ప్రసాద్ కూడా ఉన్నారు. మన మొదటి మ్యాచ్ ఎదుటి జట్టు పేరు ఆంటిగ్వా అండ్ బార్బుడా! వాన దాన్ని తేలనివ్వలేదు. 2022 బర్మింగ్‌హామ్‌లో మన అమ్మాయిలు వెస్టిండీస్‌తో కాక బార్బడోస్‌తో ఆడి 100 పరుగుల తేడాతో గెలిచారు.

> అంకెల్లో...
>
> 193 – ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలు.
>
> 206 – అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) గుర్తించిన జాతీయ ఒలింపిక్ కమిటీలు. లెక్క ఇక్కడే ఎక్కువైంది!
>
> 5 – ఒలింపిక్ కమిటీగా గుర్తింపు కోరాలంటే దేశంలో ఉండాల్సిన క్రీడా సమాఖ్యలు, కనీసం.
>
> 11 – 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో పాల్గొన్న దేశాలు.

మ్యాపు వేరు, మైదానం వేరు

ఐక్యరాజ్యసమితి కంటే ఒలింపిక్ కుటుంబం పెద్దదెలా అయింది? మొదట్లో ఐఓసీ దేశం అనే మాటను చాలా వదులుగా వాడింది. రాజు ఎవరైనా, పన్ను ఎవరికి కట్టినా, మైదానంలోకి సొంతంగా జట్టును దించగలిగితే చాలు. రష్యా చక్రవర్తి కింద ఉండగానే ఫిన్లాండ్ ఒలింపిక్స్‌లో వేరే జట్టుగా ఆడింది. అమెరికా ఏలుబడిలో ఉన్న ప్యూర్టోరికో, గ్వామ్, బ్రిటన్ చేతిలోని బెర్ముడా, కేమన్ దీవులు, డచ్చి వాళ్ల అరూబా అలా లోపలికి వచ్చినవే.

1996లో ఐఓసీ తలుపు బిగించింది. ఇకపై దేశం అంటే అంతర్జాతీయ సమాజం గుర్తించిన స్వతంత్ర రాజ్యమే అని రాసుకుంది. అప్పటికే లోపలున్నవాళ్లను మాత్రం బయటికి పంపలేదు. బస్సులో ముందే సీటు దొరికినవాడు కూర్చునే పోతాడు, తర్వాతి స్టాపులో ఎక్కబోయినవాడికే కండక్టర్ అడ్డం. జిబ్రాల్టర్‌కి ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫాలో చోటుంది, కామన్వెల్త్ క్రీడల్లో చోటుంది, ఒలింపిక్స్‌లో మాత్రం లేదు.

ముందే సీటు దొరికినవాళ్లు ఊరికే కూర్చోలేదు. 2004 ఏథెన్స్‌లో ప్యూర్టోరికో బాస్కెట్‌బాల్ జట్టు 92–73తో అమెరికాను ఓడించింది. ఆ ఆటగాళ్ల జేబుల్లో ఉన్నది అమెరికా పాస్‌పోర్టే! అరవై వేల పైచిలుకు జనాభా ఉన్న బెర్ముడాకి టోక్యోలో ఫ్లోరా డఫీ ట్రయాథ్లాన్ స్వర్ణం తెచ్చింది. ఒక పెద్ద మండలం జనాభా అంత ‘దేశం’ కోసం ఒలింపిక్ వేదిక మీద పాట మోగింది.

మనమూ ఆ తలుపులోంచే...

ఇదంతా ఎవరి గొడవో అనుకోనక్కర్లేదు. స్వాతంత్య్రం రాకముందే ఒలింపిక్స్‌లో దేశంగా నడిచినవాళ్లలో మనమూ ఉన్నాం. దొరాబ్జీ టాటా పూనికతో 1920లో యాంట్‌వెర్ప్‌కి భారత జట్టు వెళ్లింది. 1924 పారిస్ జట్టుకి వెంట ఉండి నడిపించిన హ్యారీ క్రో బక్, మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టినాయన. డ్రిల్లు మాస్టార్ల తరాలు ఆ కళాశాలలోంచే వచ్చాయి. 1927లో భారత ఒలింపిక్ సంఘం ఏర్పడింది. రాజకీయంగా బానిసలం, ఆటల్లో మాత్రం ఇండియా.

అయితే జెండా మనది కాదు. 1936 బెర్లిన్‌లో హాకీ ఫైనల్‌కి ముందు డ్రెస్సింగ్ రూములో జరిగిన ఘట్టాన్ని ధ్యాన్‌చంద్ తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. ఎదుట సొంతగడ్డ మీద జర్మనీ. అంతకుముందు సన్నాహక మ్యాచ్‌లో వాళ్ల చేతిలో ఓడిన బెంగ మనవాళ్లకు ఉంది. అప్పుడు అసిస్టెంట్ మేనేజర్ పంకజ్ గుప్తా కాంగ్రెస్ త్రివర్ణ పతాకాన్ని బయటికి తీశాడు. బెజవాడలో 1921లో పింగళి వెంకయ్య గాంధీజీ చేతికిచ్చిన జెండాకు వారసురాలది. జట్టంతా దానికి వందనం చేసి మైదానంలోకి నడిచింది. బయట ఎగురుతున్నది బ్రిటిష్ ఇండియా జెండా. స్కోరు 8–1.

1948 ఆగస్టు 12న లండన్‌లో బ్రిటన్‌ని 4–0తో ఓడించి, స్వతంత్ర భారతం తొలి స్వర్ణం గెలిచింది. ఈసారి డ్రెస్సింగ్ రూములో దాచాల్సిన పని లేకపోయింది.

జెండాలాగే పాటకీ మన గడ్డతో చుట్టరికం ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేశారు. ‘జనగణమన’కి ఇంగ్లిషు అనువాదం అక్కడే రాశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరలిపి కూర్చారు. అప్పటి చిత్తూరు జిల్లాలోని ఆ చల్లటి ఊళ్లో కాగితం మీదికెక్కిన స్వరాలే, మనవాడెవడైనా పైమెట్టు ఎక్కినప్పుడు వినపడేవి.

జకార్తాలో రహీం సాబ్ జట్టు

గుర్తింపు గొడవ ముదిరితే దెబ్బ ఎవరికి తగులుతుందో 1962లో ఒక హైదరాబాదీ కళ్లారా చూశారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం, భారత ఫుట్‌బాల్ కోచ్.

ఆ ఏడాది ఆసియా క్రీడలు ఇండోనేషియాలో. ఆతిథ్య దేశం తైవాన్‌కి, ఇజ్రాయెల్‌కి వీసాలు ఇవ్వలేదు. సభ్యదేశాలను పిలవకపోతే వీటిని ఆసియా క్రీడలు అనకూడదని ఆసియా క్రీడా సమాఖ్యలో గట్టిగా అడ్డం తిరిగినాయన మన దేశపు గురుదత్ సోంధీ. జకార్తా వీధులు భగ్గుమన్నాయి. అల్లరి మూకలు భారత రాయబార కార్యాలయం మీద పడ్డాయి. సోంధీ దేశం విడిచి రావాల్సి వచ్చింది.

అదే నగరంలో సెప్టెంబరు 4న ఫుట్‌బాల్ ఫైనల్, దక్షిణ కొరియాతో. లక్ష మంది ప్రేక్షకులు. మన జాతీయగీతం మొదలవ్వగానే ఈలలు, కేకలు. ఆటగాళ్లకు వీసాల రాజకీయంతో ఏ సంబంధమూ లేదు. జట్టులో సికింద్రాబాద్ గల్లీల్లో ఆడి పెరిగిన తులసీదాస్ బలరామ్ ఉన్నాడు, యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. తలకి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీం ఫార్వర్డ్‌గా ముందుకు తోశారు. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ తలతో ఇంకో గోల్. 2–1. ఆ గుంపులో మనకోసం కేకలు వేసింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని చెబుతారు.

రహీం సాబ్ అప్పటికే కేన్సర్‌తో ఉన్నారు. 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో ఆ తర్వాత మనకు స్వర్ణం రాలేదు. ఇండోనేషియాని ఐఓసీ సస్పెండ్ చేస్తే, ఆ దేశాధ్యక్షుడు సుకర్ణో అలిగి ‘గానెఫో’ పేరుతో వేరే ఒలింపిక్స్‌లాంటివి పెట్టుకున్నాడు.

సింధు ఎదురుగా నిలబడ్డ ‘తైపీ’

పీవీ సింధు ఆట చూసే ప్రతి తెలుగింటికీ తై జు యింగ్ పరిచయమే. 2016 రియోలో సింధు చేతిలో ఓడింది. 2018 ఆసియా క్రీడల ఫైనల్లో, 2021లో టోక్యో సెమీస్‌లో సింధుని ఓడించింది. స్క్రీన్ మీద ఆమె పేరు పక్కన కనిపించేది ‘చైనీస్ తైపీ’. ఆ పేరుతో ఏ మ్యాపులోనూ దేశం ఉండదు.

అది తైవాన్. 1960లో రోమ్‌లో వీళ్లను ‘ఫార్మోసా’ పేరుతో నడవమంటే, ‘నిరసనతో’ అని రాసిన అట్ట పట్టుకుని మైదానంలోకి వచ్చారు. 1979లో ఐఓసీ చైనాను మళ్లీ చేర్చుకుంది. 1981లో లొసాన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం తైవాన్ ఆడొచ్చు, కానీ తైవాన్ అని చెప్పుకోకూడదు. సొంత జెండా కూడదు, ప్లమ్ పువ్వు బొమ్మ ఉన్న వేరే జెండా. జాతీయగీతం కూడదు, జెండా పాట. 2018లో ‘తైవాన్’ పేరుతోనే టోక్యో వెళ్దామా అని అక్కడ జనాభిప్రాయం అడిగితే ఓటర్లు వద్దన్నారు. పేరుకోసం పట్టుబడితే ఆడే అవకాశమే పోతుందని ఆటగాళ్లు భయపడ్డారు. పంతం కంటే పిల్లల ఆట ముఖ్యమనుకున్న ఇంటిపెద్దల్లాంటి తీర్పది.

టోక్యోలో ఆ జెండా ఎగిరిన రోజుకీ మనకూ ఒక ముడి ఉంది. పురుషుల డబుల్స్ లీగ్ దశలో అమలాపురం సాత్విక్ సాయిరాజ్, ముంబయి చిరాగ్ శెట్టి కలిసి లీ యాంగ్, వాంగ్ చి లిన్ జంటని ఓడించారు. మూడో గేమ్ 27–25! గ్రూపులో రెండు మ్యాచ్‌లు గెలిచినా గేముల లెక్కలో మనవాళ్లు ఇంటిదారి పట్టారు. ఓడిన ఆ జంటే జులై 31న చైనా జంటని మట్టికరిపించి స్వర్ణం పట్టుకుంది. ప్లమ్ పువ్వు జెండా పైకి లేస్తుంటే, పక్కన కిందిమెట్టు మీద చైనా ఆటగాళ్లు. అదే రోజు సెమీస్‌లో సింధు తై జు యింగ్ చేతిలో ఓడి, మర్నాడు కాంస్యం గెలిచింది.

> పక్కింటి తరఫున ఆట
>
> జూడో క్రీడాకారిణి మజ్లిందా కెల్మెండీ కొసావో అమ్మాయి. 2008లో ఆ దేశం స్వాతంత్య్రం ప్రకటించుకున్నా ఐఓసీ గుర్తింపు రాలేదు. దాంతో 2012 లండన్‌లో అల్బేనియా తరఫున ఆడింది. 2014 డిసెంబరులో గుర్తింపు వచ్చింది. 2016 రియోలో సొంత జెండా పట్టుకుని నడిచి, 52 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచింది. ఆ దేశానికి అదే తొలి ఒలింపిక్ పతకం.

జెండా పోగొట్టుకున్న రోజులు

గుర్తింపు వచ్చాక ఇక ఉండిపోతుందనుకుంటే పొరపాటే. 2012 డిసెంబరులో ఐఓసీ మన ఒలింపిక్ సంఘాన్నే సస్పెండ్ చేసింది. ఎన్నికల తీరు, అవినీతి ఆరోపణలున్నవాళ్లు పదవుల్లోకి రావడం అందుకు కారణాలు. తప్పు పెద్దలది. శిక్ష పడింది మంచు మీద జారే ముగ్గురు కుర్రాళ్లకి.

2014 ఫిబ్రవరి 7న సోచి శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవం. ల్యూజ్ ఆటగాడు శివ కేశవన్, స్కీయింగ్ చేసే హిమాంశు ఠాకూర్, నదీమ్ ఇక్బాల్ ఒలింపిక్ జెండా కింద నడిచారు. నూరు కోట్ల పైచిలుకు జనం ఉన్న దేశంవాళ్లు, పేరులేనివాళ్లుగా! కేశవన్ తన పోటీ అలాగే పూర్తిచేశాడు. ఫిబ్రవరి 9న ఢిల్లీలో ఎన్నికలు జరిగాయి, 11న సస్పెన్షన్ ఎత్తేశారు. ఆటల మధ్యలో ఒక దేశం తిరిగి రావడం ఒలింపిక్ చరిత్రలో అదే మొదటిసారి. క్రీడాగ్రామంలో మువ్వన్నెల జెండా ఎగరేశారు. సస్పెన్షన్ పోయాక మంచులోకి దిగిన హిమాంశు, నదీమ్ మళ్లీ భారతీయులుగానే ఆడారు.

మనం తలుపు మూసిన సందర్భాలూ ఉన్నాయి. కొసావోని భారత ప్రభుత్వం గుర్తించలేదు. 2018లో ఢిల్లీలో మహిళల ప్రపంచ బాక్సింగ్ పోటీలకు ఆ దేశపు బాక్సర్ డోన్యెటా సడీకు వీసా లేక రాలేకపోయింది. 2019 ఫిబ్రవరిలో పాకిస్తాన్ షూటర్లకు వీసా నిరాకరించాక, భారత్‌లో క్రీడలు పెట్టే చర్చలన్నీ ఐఓసీ ఆపేసింది. అర్హులైన అందరినీ రానిస్తామని ప్రభుత్వం రాసిచ్చాకే జూన్‌లో చర్చలు మళ్లీ మొదలయ్యాయి. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కి వచ్చాయి, 2036 ఒలింపిక్స్ కావాలని అడుగుతున్నాం. ఆతిథ్యం ఇచ్చేవాడు తనకు గిట్టనివాడికీ విస్తరి వేయాలి.

> ఏ దేశమూ లేనివాళ్లు
>
> యుద్ధాలతో ఇల్లూ దేశమూ వదిలిపోయినవాళ్లకోసం 2016 రియోలో ఐఓసీ శరణార్థుల జట్టు మొదలుపెట్టింది. అప్పుడు పది మంది. 2024 పారిస్‌లో 37 మంది. కామెరూన్‌లో పుట్టి బ్రిటన్‌లో తలదాచుకున్న బాక్సర్ సిండీ ఎన్‌గాంబా ఆ జట్టుకి తొలి పతకం తెచ్చింది, కాంస్యం.

మన గడప లోపల

ఇంత పెద్ద కథకి చిన్న నకలు మన రాష్ట్రాల మధ్యే ఉంది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా, రంజీ ట్రోఫీలో రాష్ట్రం ఒకటి కాలేదు. 1934–35 నుంచీ ఆడుతూ 1937–38లో ట్రోఫీ కూడా గెలిచిన హైదరాబాద్ అలాగే ఉండిపోయింది. 1953–54లో బరిలోకి దిగిన ఆంధ్ర కూడా అలాగే నిలిచింది. రాష్ట్రం ఒకటి, జట్లు రెండు. అందుకే 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు క్రికెట్లో పంచుకోవడానికేమీ మిగల్లేదు. తెలంగాణ రాష్ట్రానికి రంజీలో ఈనాటికీ పేరు హైదరాబాదే.

జాతీయ క్రీడల్లో లెక్క వేరు. 2014 జూన్ 2న పుట్టిన తెలంగాణ, 2015 జనవరి 31న కేరళలో మొదలైన 35వ జాతీయ క్రీడల్లో సొంత దళంతో దిగింది. ఎనిమిది నెలలు! కొసావో ఆరేళ్లకు పైగా వేచిన చోట మన కొత్త రాష్ట్రానికి పని ఇంత తొందరగా అయింది. ఇంటి పెద్ద ఒక్కరే కాబట్టి పంపకం తేలిక. ఆ క్రీడల్లో పతకాల పట్టిక పైన ఉన్నది మాత్రం ఏ రాష్ట్రమూ కాదు, సైన్యం ఆటగాళ్ల సర్వీసెస్ జట్టు. భూమి లేకుండా జట్టుగా గుర్తింపు పొందిన ఘనత వాళ్లది. ప్రొ కబడ్డీలో తెలుగు టైటన్స్ ఇంకో దారి పట్టింది. సరిహద్దుల జోలికి పోకుండా భాషనే ఊరిపేరు చేసుకుంది.

రియోలో సింధు రజతం గెలిచి వస్తే తెలంగాణ 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ 3 కోట్లు ప్రకటించాయి. మా అమ్మాయి అంటే మా అమ్మాయని రెండు రాష్ట్రాలూ పోటీపడ్డాయి. గెలిచినవాళ్లకి గుర్తింపు కరవు ఉండదు. ఊరు అడిగేది ఇంకా గెలవనివాళ్లనే.

మా వైపు సరిహద్దులు జరగడం కొత్త కాదు. 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు వైపు పల్లెలు ఇటొచ్చాయి. ఒక రాత్రిలో అక్కడి పిల్లలు ఆడాల్సిన జిల్లా, ఆడాల్సిన రాష్ట్రం మారిపోయాయి. టోక్యో ఒలింపిక్స్‌కి మహిళల హాకీ జట్టుతో రిజర్వ్ గోల్‌కీపర్‌గా వెళ్లిన ఇతిమరపు రజనిది యర్రావారిపాళెం మండలం. 2021లో ఆమె చిత్తూరు జిల్లా బిడ్డ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక ఆ మండలం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. ఇల్లు అక్కడే ఉంది, గోల్‌పోస్టూ అక్కడే ఉంది, ఊరి ముందు బోర్డు మారింది.

> గుర్తింపుకి ఎక్కాల్సిన మెట్లు
>
> ● ఒక్కో ఆటకి దేశంలో ఒక సమాఖ్య కట్టాలి.
>
> ● ఆ ఆట ప్రపంచ సమాఖ్యలో సభ్యత్వం తెచ్చుకోవాలి. అంటే మిగతా దేశాలు ఒప్పుకోవాలి.
>
> ● అలాంటి సమాఖ్యలు కనీసం ఐదు కలిస్తే జాతీయ ఒలింపిక్ కమిటీ ఏర్పడుతుంది.
>
> ● చివరగా ఐఓసీ గుర్తింపు, తరవాత ప్రారంభోత్సవంలో జెండాతో నడక.

ఎదుటి జట్టు ఒప్పుకుంటే...

ఈ మెట్లన్నీ పరిశీలనగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. దేశమని ఎవరైనా ప్రకటించుకోవచ్చు. జెండా కుట్టించుకోవచ్చు, పాట రాయించుకోవచ్చు. ఆటలో మాత్రం అది చాలదు, ఎదురుగా నిలబడి ఆడటానికి ఇంకొకరు ఒప్పుకోవాలి. జకార్తాలో తైవాన్‌కి దొరకనిది ఆ ఒప్పుకోలే. రియోలో కెల్మెండీకి దొరికింది అదే. వెస్టిండీస్ పేరుతో దేశం లేకపోయినా దాదాపు వందేళ్లుగా టెస్టులు ఆడుతోందంటే, మిగతా జట్లు టాస్‌కి వచ్చాయి కాబట్టే.

టీ తాగి తిరిగొచ్చేసరికి వేపచెట్టు కింద గుంపు పలచబడింది. పిచ్ మీద సున్నం గీతలు గీస్తున్నారు. అల్లుడు అక్కడే, అదే చంకలో అదే బ్యాటుతో. నిర్వాహకుడు విసిగిపోయి ఎదుటి జట్టు కెప్టెన్‌ని పిలిచాడు.

“ఏమప్పా, ఈయన్ని ఆడనిస్తే నీకేమన్నా అభ్యంతరమా?”

ఎదుటి కెప్టెన్ అల్లుణ్ని పైనుంచి కిందికి చూశాడు. “బౌలింగు ఏస్తాడా?”

“లేదు. కీపింగే.”

“అయితే ఆడనీన్నా. మాకూ ఒకడుండాడు, మేనల్లుడు.”

మళ్లీ గొల్లుమన్నారు. చెవి మీది పెన్ను దిగింది. నోటుబుక్కులో పదకొండో నంబరు ఎదుట పేరు పడింది. పక్కన ‘ఊరు’ అనే గడి దగ్గర పెన్ను ఒక్క క్షణం తచ్చాడింది. బంగారుపాళెం అని రాస్తే రూలు తప్పుతుంది, ఈ ఊరని రాస్తే కార్డు ఒప్పుకోదు.

‘అల్లుడు’ అని రాసి నోటుబుక్కు మూసేశాడు.